క్రేన్ వైర్ రోప్ రీవింగ్: ఫాల్స్ ఎలా లెక్కపెట్టాలి, తాడు ఎలా ఎక్కించాలి

క్రేన్ సైట్ గేటు దాటి లోపలికి రాగానే ఎవరైనా అడిగే మొదటి మాట "ఎన్ని టన్నుల బండి?" అనే. నేనూ కొత్తలో అదే అడిగేవాణ్ణి, 50 టన్నుల బండి అంటే 50 లేపేస్తుంది అనుకునేవాణ్ణి. బండి మీద రాసే ఆ నంబర్ బూమ్ పొట్టిగా ఉండి, రేడియస్ (క్రేన్ తిరిగే మధ్య నుంచి హుక్ దాకా ఉన్న దూరం) బాగా దగ్గరగా ఉండి, హుక్ బ్లాక్‌కి వెయ్యాల్సినన్ని ఫాల్సూ (హుక్ బ్లాక్‌ని మోసే తాడు వరసలు) వేసి ఉన్నప్పుడు వచ్చేది. ఇవాళ పొద్దున మన సైట్‌లో ఆ హుక్ నాలుగు తాళ్ళ మీద వేలాడుతుంటే, ఆ నాలుగు తాళ్ళు మొయ్యగలిగినంతే ఇవాళ్టి కెపాసిటీ, చార్ట్‌లో ఎంతున్నా సరే. కొత్తగా సైట్‌కి వచ్చిన ఇంజనీర్లు, రిగ్గర్ పనిలోకి దిగిన కుర్రాళ్ళు, గల్ఫ్ వెళ్ళడానికి రిగ్గర్ కార్డు పరీక్షకి చదువుకుంటున్నవాళ్ళు, వీళ్ళకి ఈ లెక్క, తాడుని గిలకల మీదుగా తిప్పి ఎక్కించే ఈ రీవింగ్ పని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, చూసి నేర్చుకో అంటారు, అందుకే నాకు తెలిసినంత వరకు మొదటినుంచి రాస్తున్నాను.

ముందు బావి దగ్గర గిలక గుర్తు తెచ్చుకోండి

చేద తాడు గిలక మీదుగా మన చేతికి వస్తుంది. చేదలో నీళ్ళు 10 కిలోలుంటే మనం లాగేది కూడా 10 కిలోలే, గిలక బిగుసుకుపోయి ఉంటే ఇంకాస్త ఎక్కువ. అంటే పైన ఉన్న గిలక బరువు తగ్గించదు, దిశ మారుస్తుంది అంతే. ఇప్పుడు తాడు ఒక కొసని పైన దూలానికి కట్టేసి, చేదకే ఒక గిలక తగిలించి, తాడుని ఆ గిలక కిందుగా తిప్పి పైకి తెచ్చుకుని లాగండి. చేద ఇప్పుడు రెండు తాళ్ళ మీద వేలాడుతోంది, సగం దూలం మోస్తోంది, సగం మనం, కాబట్టి మన చేతికి 5 కిలోలే తెలుస్తుంది. కానీ చేద ఒక గజం లేవాలంటే తాడు రెండు గజాలు లాగాలి. క్రేన్‌లో ఉన్నది కూడా ఇదే, దూలం బదులు బూమ్ హెడ్, మన చెయ్యి బదులు వించ్ డ్రమ్, చేద బదులు హుక్ బ్లాక్.

ఫాల్స్ లెక్కపెట్టడం

హుక్ బ్లాక్ దగ్గర నిలబడి లెక్కపెట్టండి, బూమ్ వైపు చూసి లెక్కపెట్టొద్దు. బ్లాక్‌కి ఒక మూర పైన అడ్డంగా ఒక దారం కట్టినట్టు అనుకుని, ఆ దారాన్ని దాటే తాళ్ళు ఎన్నో చూడండి, అవే ఫాల్స్, కొందరు పార్ట్ లైన్ అంటారు. డ్రమ్ నుంచి బూమ్ వీపు మీదుగా హెడ్ దాకా వెళ్ళే తాడు ఉంది చూశారూ, దాన్ని కూడా కలిపి లెక్కపెట్టడం అనేది నేను చూసిన వాటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు జరిగే తప్పు. ఆ తాడు బ్లాక్‌ని పట్టుకోవట్లేదు, బావి గిలక మీద నుంచి మన చేతికొచ్చే తాడు లాంటిది అది.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోడానికి ఒక తేలిక దారి ఉంది. తాడు డెడ్ ఎండ్, అంటే కదలకుండా కట్టేసిన కొస, ఎక్కడుందో చూడండి. డెడ్ ఎండ్ పైన బూమ్ హెడ్‌కి కట్టి ఉంటే ఫాల్స్ సరి సంఖ్య, 2, 4, 6 ఇలా. డెడ్ ఎండ్ హుక్ బ్లాక్ మీద ఉండే కన్ను, బెకెట్‌కి కట్టి ఉంటే బేసి, 1, 3, 5. మీకు లెక్కలో 5 వచ్చి, డెడ్ ఎండ్ పైన కనిపిస్తోందంటే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాల్సిందే.

ఫ్యాక్టరీ షెడ్లలో పైన పట్టాల మీద నడిచే ఈఓటీ క్రేన్ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త, అందులో తాడు రెండు కొసలూ డ్రమ్ మీదే ఉంటాయి, మధ్యలో రెండు వైపులా బిగువు సమంగా ఉంచే ఈక్వలైజర్ షీవ్ (షీవ్ అంటే గిలకే) ఉంటుంది. అక్కడ హుక్ నాలుగు తాళ్ళ మీద ఉంటే ఒక్కో తాడు మీద బరువు నాలుగో వంతే పడుతుంది గానీ, డ్రమ్ రెండు కొసల్నీ ఒకేసారి చుట్టుకుంటుంది కాబట్టి హుక్ స్పీడ్ సగమే తగ్గుతుంది.

ఎన్ని ఫాల్స్ కావాలో లెక్క

మీ క్రేన్ మాన్యువల్‌లో ఒక్క తాడు మీద పడనివ్వగల బరువు, అంటే పర్మిసిబుల్ లైన్ పుల్, ఇంత అని ఇస్తారు. ఉదాహరణకి ఒక తాడు మినిమమ్ బ్రేకింగ్ లోడ్ (తాడు తెగే బరువు) 25 టన్నులు, సేఫ్టీ ఫ్యాక్టర్ 5 అనుకుంటే లైన్ పుల్ 5 టన్నులు. ఇప్పుడు లేపాల్సిన ముక్క 22 టన్నులు. బరువంటే ముక్క ఒక్కటే అనుకోవద్దు, హుక్ బ్లాక్ ఒక 700 కిలోలు, స్ప్రెడర్ బీమ్, స్లింగులు, షాకిళ్ళు అన్నీ కలిపి ఇంకో 1,300 కిలోలు, మొత్తం 24 టన్నులు తాడు మీద పడుతుంది.

24ని 5తో భాగిస్తే 4.8, సరే 5 ఫాల్స్ వేస్తే చాలు అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ ప్రతి షీవ్ దగ్గరా తాడు వంగి తిరగడంలో కొంత బలం ఫ్రిక్షన్‌కి పోతుంది, రోలర్ బేరింగ్ షీవ్ అయితే ఒక్కోదానికి సుమారు 2 శాతం, పాత రకం బుష్ షీవ్ అయితే నాలుగున్నర శాతం దాకా. లేపేటప్పుడు ఈ నష్టమంతా వచ్చి డ్రమ్ వైపు తాడు మీదే పడుతుంది, డెడ్ ఎండ్ వైపు తాడు మీద కాదు. రోలర్ బేరింగ్ షీవ్‌లతో హెడ్ షీవ్‌లని కూడా కలిపి లెక్క వేస్తే 2 ఫాల్స్‌కి 0.97, 4కి 0.95, 5కి 0.94, 6కి 0.93, 8కి 0.92 దగ్గర ఎఫిషియెన్సీ వస్తుంది. బుష్ షీవ్ అయితే 4కి 0.90, 6కి 0.86, 8కి 0.82. అంటే మన 24 టన్నుల్ని 5 ఫాల్స్ మీద లేపితే 24 ÷ (5 × 0.94), 5.1 టన్నులు, లైన్ పుల్ దాటిపోయింది. 6 ఫాల్స్ వేస్తే 4.3 టన్నులు. అందుకే మాన్యువల్‌లో రీవింగ్ టేబుల్ ఉంటే ఎప్పుడూ అదే చూడండి, ఈ లెక్క ఆ టేబుల్ ఎందుకు అలా ఉందో అర్థం కావడానికి.

అలా అని ఎన్ని ఎక్కువ ఫాల్స్ వేస్తే అంత మంచిది అని కూడా కాదు. డ్రమ్ మీద తాడు నిమిషానికి 60 మీటర్లు చుట్టుకుంటుంటే 2 ఫాల్స్‌లో హుక్ నిమిషానికి 30 మీటర్లు లేస్తుంది, 6 ఫాల్స్‌లో 10 మీటర్లే. తాడు పొడవు కూడా చూసుకోవాలి. బూమ్ 42 మీటర్లు, బూమ్ టిప్ నేలకి 40 మీటర్ల ఎత్తులో ఉంది, 6 ఫాల్స్ వేశారు, హుక్ నేల దాకా రావాలంటే 6 × 40 అంటే 240, బూమ్ మీద 42, డ్రమ్ మీద ఎప్పుడూ వదలకుండా ఉంచాల్సిన చుట్లకి ఒక 5 మీటర్లు, మొత్తం 287 మీటర్లు కావాలి. మీ డ్రమ్ మీద 220 మీటర్లే ఉంటే హుక్ నేలకి 11 మీటర్ల పైనే ఆగాలి, ఆపరేటర్ చూసుకోకుండా ఇంకా దింపుతూ పోతే డ్రమ్ ఖాళీ అయిపోతుంది. డ్రమ్ మీద కనీసం రెండు పూర్తి చుట్లు ఉండాలని చాలా స్టాండర్డ్‌లు చెప్తాయి, చాలా మాన్యువల్స్‌లో మూడు అని ఉంటుంది, నేను మూడే పాటిస్తాను, ఎందుకంటే డ్రమ్‌లో తాడు కొసని పట్టుకునే క్లాంప్ ఒక్కటే బరువంతా మొయ్యడానికి పెట్టింది కాదు, ఆ చుట్ల రాపిడి కూడా కలిస్తేనే అది పట్టుకుంటుంది.

ఇంకో సంగతి, ఖాళీ హుక్ కిందకి దిగకపోవడం. పొడవు బూమ్ పెట్టి ఎక్కువ ఫాల్స్ వేసినప్పుడు ఇది జరుగుతుంది. 20 మి.మీ. తాడు మీటరుకి సుమారు 1.6 కిలోలుంటుంది, బూమ్ దాదాపు నిలువుగా 60 మీటర్లుంటే డ్రమ్ వైపు వేలాడే తాడే 96 కిలోలు, 6 ఫాల్స్‌లో దాన్ని లాక్కోవాలంటే బ్లాక్ 580 కిలోలకి పైగా ఉండాలి, ఫ్రిక్షన్ వేరే. బ్లాక్ తేలికైతే ఆపరేటర్ తాడు వదులుతుంటే హుక్ దిగదు, తాడు మాత్రం డ్రమ్ మీద వదులైపోయి చుట్లు ఒకదాంట్లో ఒకటి దిగబడతాయి. అప్పుడు హుక్ మీద ఎక్కి తొక్కే మనుషుల్ని చూశాను, దయచేసి ఆ పని ఎవరితోనూ చేయించకండి, బరువైన బ్లాక్ తెప్పించండి లేదా ఫాల్స్ తగ్గించండి.

ఎల్‌ఎంఐలో ఫాల్స్ నంబర్

ఇక్కడ నాకు జరిగింది చెప్తాను. ఒక షట్‌డౌన్ పని, రాత్రి షిఫ్ట్, క్రేన్ అంతకుముందు వారం వేరే సైట్‌లో 6 ఫాల్స్ మీద పని చేసింది. మా దగ్గరికి వచ్చేముందు ఎవరో త్వరగా పని కావడానికి 4కి తగ్గించారు. ఆపరేటర్ మారాడు. క్యాబిన్‌లో ఎల్‌ఎంఐ (బరువు, లిమిట్ లెక్కవేసి చూపించే లోడ్ మూమెంట్ ఇండికేటర్) ఇంకా 6 అనే చూపిస్తోంది. లిఫ్ట్ ప్లాన్‌లో నేను రాసింది కూడా 6. నేను కాగితం చూశాను, స్క్రీన్ చూశాను, రెండూ కలిశాయి, సంతకం పెట్టేశాను, పైకి చూడలేదు. మొత్తం బరువు పైన చెప్పినట్టే 24 టన్నుల దగ్గర.

స్లింగులు తగిలించడానికి వెళ్ళిన పెద్ద ఖలాసీ ఒకాయన బ్లాక్ పక్కన నిలబడి, టార్చ్ పైకి కొట్టి చేత్తో గాల్లో గీతలు గీసినట్టు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి నా దగ్గరికి వచ్చాడు. "బాబూ, కాయితంలో ఆరని రాశారు గానీ నా కంటికి నాలుగే కనపడతన్నాయి" అన్నాడు. వెళ్ళి చూశాను, నాలుగే. ఆ లిఫ్ట్ అలాగే వెళ్ళుంటే 5 టన్నులు మొయ్యాల్సిన తాడు మీద 6.3 టన్నులు పడేది, స్క్రీన్ మీద మాత్రం అంతా పచ్చగానే ఉండేది. అప్పటినుంచి ఫాల్స్ నేనే నా కళ్ళతో లెక్కపెట్టకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

ఎల్‌ఎంఐ ఎందుకు పట్టుకోదు అంటే అది తాళ్ళని చూడదు, మనం కొట్టిన నంబర్ని నమ్ముతుంది. టెలిస్కోపిక్ క్రేన్లలో ఎక్కువగా బూమ్ లేపే సిలిండర్ ప్రెషర్ నుంచి బరువు లెక్క వేస్తుంది, కాబట్టి ఫాల్స్ తప్పు కొట్టినా బరువు దగ్గర దగ్గరగా సరిగ్గానే చూపించొచ్చు, కానీ తాడు ఎంత మొయ్యగలదన్న లిమిట్ మాత్రం తప్పు నంబర్‌తో వేస్తుంది. తాడు టెన్షన్‌ని లోడ్ సెల్‌తో కొలిచే క్రాలర్ క్రేన్లలో అయితే సెల్ రీడింగ్‌ని ఫాల్స్‌తో గుణిస్తుంది, అక్కడ నంబర్ తప్పైతే బరువే తప్పు చూపిస్తుంది. కాబట్టి వరస ఇదీ: ముందు కంటితో లెక్క, తర్వాత ఎల్‌ఎంఐలో నంబర్, తర్వాత లిఫ్ట్ ప్లాన్‌లో నంబర్, మూడూ ఒకటే ఉండాలి, మొదటిది ఎప్పుడూ కంటి లెక్కే.

తాడు ఎక్కించే ముందు తాడుని చూడటం

వైర్ రోప్ అంటే సన్న తీగలు కలిపి పేట, పేటలు కలిపి మధ్యలో కోర్ చుట్టూ పురి పెడితే తాడు. 6×36 అంటే ఆరు పేటలు, ఒక్కో పేటలో 36 తీగల రకం. ఎక్కువ ఎత్తుకి, తక్కువ ఫాల్స్‌తో లేపే పనికి 35×7 లాంటి నాన్ రొటేటింగ్ తాడు వాడతారు, దాంట్లో బయట పేటలు ఒక వైపు, లోపలివి ఇంకో వైపు పురి పెట్టి ఉంటాయి కాబట్టి బరువు పడినా తాడు పెద్దగా తిరగదు. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకోటి వెయ్యకండి, క్రేన్‌కి ఏ తాడు అని రాసి ఉందో అదే, టెస్ట్ సర్టిఫికెట్‌తో సహా.

తాడు రైట్ లే నా లెఫ్ట్ లే నా తెలుసుకోవాలంటే నిలువుగా పట్టుకుని చూడండి, పేటలు కింద నుంచి పైకి కుడి వైపుకి ఎక్కుతుంటే రైట్ లే. దీన్ని డ్రమ్ మీద ఏ వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టాలో చేత్తోనే తెలుసుకోవచ్చు. డ్రమ్ వెనకాల నిలబడి తాడు వెళ్ళే వైపు చూడండి. రైట్ లే తాడుకి కుడి చెయ్యి, లెఫ్ట్ లే తాడుకి ఎడమ చెయ్యి. తాడు డ్రమ్ పైనుంచి వెళ్తుంటే అరచెయ్యి కిందకి, డ్రమ్ అడుగు నుంచి వెళ్తుంటే అరచెయ్యి పైకి పెట్టి, పిడికిలి బిగించి చూపుడు వేలు తాడు వెళ్ళే వైపు చాపండి, బొటన వేలు డ్రమ్ ఏ వైపు అంచు ఫ్లాంజ్‌ని చూపిస్తుందో ఆ వైపే తాడు కొస కట్టాలి. ఇది సాదా డ్రమ్‌కి, గ్రూవ్‌లున్న డ్రమ్ అయితే కొస ఎక్కడ కట్టాలో ముందే ఉంటుంది, దానికి సరిపడే తాడు తెచ్చుకోవాలి.

మందం కొలిచేటప్పుడు కాలిపర్‌ని పేటల వీపు మీద పెట్టాలి, రెండు పేటల మధ్య లోయలో పెట్టి కొలిస్తే తక్కువ వస్తుంది. ఒకే చోట అటోసారి ఇటోసారి తిప్పి కొలవండి, షీవ్‌ల మీద ఎక్కువగా తిరిగే భాగంలో తప్పకుండా కొలవండి.

రీవింగ్ చేసే పద్ధతి

బూమ్ దించి, హుక్ బ్లాక్‌ని బూమ్ హెడ్ కిందకి తెచ్చి నేల మీద దుంగల మీద నిలబెట్టండి. క్రేన్ చుట్టూ బారికేడ్ కట్టండి. ఆపరేటర్‌కి సిగ్నల్ ఇచ్చేది ఒక్కరే ఉండాలి, తాడు షీవ్‌లో దూర్చే మనిషి చెయ్యి బయటికి తీశానని చెప్పేదాకా డ్రమ్ కదలకూడదు. షీవ్ దగ్గర వేళ్ళు పోయినవాళ్ళని నేను చూశాను, అందుకే ఇది మళ్ళీ మళ్ళీ చెప్తాను. లెదర్ గ్లౌజులు వేసుకోండి, కానీ కదులుతున్న తాడుని గ్లౌజుతో కూడా పట్టుకోవద్దు, తెగిన తీగ ఒకటి గ్లౌజుకి పట్టుకుంటే చెయ్యి దాంతో పాటే లోపలికి వెళ్తుంది.

కొత్త తాడు రీల్ నుంచి తీసేటప్పుడు రీల్‌ని స్టాండ్ మీద పెట్టి తిప్పుతూ తియ్యాలి. రీల్‌ని పడుకోబెట్టి పక్కనుంచి చుట్లు లాగేస్తే ఒక్కో చుట్టుకి ఒక మెలిక పడుతుంది, ఆ మెలిక బిగుసుకుంటే ఇక ఆ తాడు అక్కడ పనికిరాదు, సుత్తితో కొట్టి సరిచెయ్యడం అనేది లేదు. రీల్ పైనుంచి వచ్చిన తాడు డ్రమ్ పైకే వెళ్ళాలి, అడుగు నుంచి వచ్చింది అడుగుకే, అలా కాకపోతే తాడు ఎదురు వంపు తిరుగుతుంది. చుట్టేటప్పుడు రీల్‌కి బ్రేక్ పెట్టి తాడు బిగువుగా ఉండేలా చూడండి, వదులుగా చుట్టిన మొదటి పొర మీద బరువు పడితే పై పొర దాంట్లోకి దిగబడిపోతుంది.

4 ఫాల్స్ దారి ఇలా ఉంటుంది: డ్రమ్ నుంచి వచ్చి హెడ్‌లో మొదటి షీవ్ మీదుగా కిందకి, బ్లాక్‌లో ఒక షీవ్ కిందుగా తిరిగి పైకి, హెడ్‌లో రెండో షీవ్ మీదుగా మళ్ళీ కిందకి, బ్లాక్‌లో ఇంకో షీవ్ కిందుగా తిరిగి పైకి వెళ్ళి హెడ్‌కి డెడ్ ఎండ్. 5 ఫాల్స్ అయితే హెడ్‌లో మూడో షీవ్ మీదుగా ఇంకోసారి కిందకి వచ్చి బ్లాక్ బెకెట్‌కి కట్టాలి. ఏ షీవ్‌లు వాడాలన్నది మాన్యువల్ బొమ్మలో ఉంటుంది, దగ్గరగా ఉందని నోటికొచ్చిన షీవ్‌లో వెయ్యకండి. మూడు షీవ్‌ల బ్లాక్‌లో 4 ఫాల్స్ వేసేటప్పుడు పక్కపక్కన రెండు షీవ్‌లు వాడితే బ్లాక్ ఒక వైపుకి వాలుతుంది, తాడు షీవ్ అంచుని ఒరుసుకుంటుంది, బూమ్ హెడ్‌ని పక్కకి తిప్పుతుంది. మధ్యది వదిలేసి అటూ ఇటూ ఉన్న రెండు వాడితే సమంగా ఉంటుంది. తాడు వేసే ముందు ప్రతి షీవ్‌నీ చేత్తో తిప్పి చూడండి, గ్రూవ్ గేజ్ పెట్టి చూడండి, పాత తాడు ముద్రలు గ్రూవ్‌లో పడి ఉంటే కొత్త తాడుని అవే కోసేస్తాయి. అన్ని షీవ్‌లకీ తాడు బయటికి జారకుండా ఆపే కీపర్ పిన్నులు తిరిగి పెట్టారో లేదో లెక్కపెట్టుకోండి.

వెడ్జ్ సాకెట్ దగ్గర ఆగి చూడండి

నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. తాడు డెడ్ ఎండ్‌ని చీలలాంటి వెడ్జ్ పెట్టి బిగించే ఇనుప గూడే వెడ్జ్ సాకెట్. సాకెట్‌లో రెండు వైపుల నుంచి తాడు బయటికి వస్తుంది, ఒకటి బరువు మోసే లైవ్ తాడు, ఇంకోటి తోక. లైవ్ తాడు సాకెట్ పిన్నుకి సూటిగా, ఒకే గీతలో ఉండాలి. తాడు తిరగేసి పెడితే లైవ్ తాడు ఏటవాలు వైపు నుంచి వచ్చి సాకెట్ నోటి దగ్గర వంగుతుంది, లేపిన ప్రతిసారీ అక్కడే వంగి నిటారై ఒక్కో తీగా తెగుతుంది. పది అడుగుల దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, దగ్గరికెళ్ళి పిన్ను మధ్య నుంచి గీత గీసినట్టు చూస్తేనే తెలుస్తుంది.

తోక మామూలు తాడుకి కనీసం తాడు మందానికి 6 రెట్లు, నాన్ రొటేటింగ్ తాడుకి 20 రెట్లు వదలాలి, రెండింట్లోనూ 150 మి.మీ.కి తగ్గకూడదు. 20 మి.మీ. నాన్ రొటేటింగ్ తాడుకి అంటే 400 మి.మీ. తోక. ఇక క్లిప్. తోకనీ లైవ్ తాడునీ కలిపి ఒకే క్లిప్‌లో బిగించెయ్యడం సైట్లలో తరచుగా కనిపిస్తుంది, గట్టిగా ఉంటుందని చేస్తారు, కానీ అలా చేస్తే బరువు వెడ్జ్ మీదుగా కాకుండా క్లిప్ మీదుగా వెళ్తుంది, లైవ్ తాడు క్లిప్ దగ్గర నలిగిపోతుంది, వెడ్జ్ కూడా లోపలికి బిగుసుకోదు. క్లిప్ తోక మీద మాత్రమే పెట్టాలి, అదే తాడు చిన్న ముక్క ఒకటి జత చేసి తోకకి బిగిస్తే చాలు. సాకెట్, వెడ్జ్ రెండూ ఆ తాడు సైజువే అయ్యుండాలి, పక్క క్రేన్ వెడ్జ్ దూరింది కదా అని పెట్టొద్దు. బిగించాక తేలిక బరువు ఒకటి లేపి వెడ్జ్ లోపలికి కూర్చుందో లేదో చూసి ముందుకెళ్ళాలి. తాడు కొయ్యాల్సి వస్తే కోసే చోటుకి రెండు వైపులా సన్న తీగతో గట్టిగా చుట్టి కట్టాకే కొయ్యండి, ముఖ్యంగా నాన్ రొటేటింగ్ తాడు కట్టకుండా కోస్తే పురి లోపలి నుంచి విడిపోతుంది, అది బయటికి కనిపించదు, ఎక్కడో మధ్యలో పంజరంలా ఉబ్బి తేలుతుంది.

ఓవర్ హాయిస్ట్ స్విచ్, టెస్ట్ లిఫ్ట్

ఫాల్స్ మార్చినప్పుడు, హుక్ బ్లాక్ హెడ్‌కి తగిలేలోపే లేపడం ఆపేసే ఓవర్ హాయిస్ట్ స్విచ్ బరువు, ఆ చిన్న గుండు, తిరిగి సరైన తాడు చుట్టూ పెట్టడం మర్చిపోతారు. సరి ఫాల్స్‌లో కదలకుండా ఉండే డెడ్ ఎండ్ తాడు చుట్టూ వెయ్యడం మంచిది, పరుగెత్తే తాడు చుట్టూ వేస్తే రాసుకుని అరుగుతుంది. పెట్టాక ఖాళీ హుక్‌ని నిదానంగా పైకి తెచ్చి స్విచ్ కట్ అవుతోందో లేదో చూడండి, కట్ అవ్వకపోతే ఆ రోజు పని లేదు. బూమ్ చాపేటప్పుడు తాడు వదలకపోతే హుక్ దానంతట అదే హెడ్ వైపు వెళ్తుంది, ఎంత అంటే చాపిన పొడవుని ఫాల్స్‌తో భాగించినంత. 4 ఫాల్స్‌లో 4 మీటర్లు చాపితే హుక్ హెడ్‌కి ఒక మీటరు దగ్గరవుతుంది, ఒకే ఫాల్ మీద బాల్ హుక్ ఉంటే పూర్తి 4 మీటర్లూ దగ్గరవుతుంది. అందుకే సింగిల్ లైన్ మీద బూమ్ చాపేటప్పుడు కళ్ళు హుక్ మీదే ఉండాలి.

తర్వాత హుక్‌ని అడుగు దాకా దింపి డ్రమ్ మీద ఎన్ని చుట్లు మిగిలాయో చూడండి. కొత్త తాడు అయితే లైన్ పుల్‌లో పదో వంతు దగ్గర బరువుతో కొన్నిసార్లు పూర్తి ఎత్తుకి లేపి దింపండి, తాడు తన జాగాలో కూర్చుంటుంది. అసలు లిఫ్ట్‌లో ముక్కని నేల నుంచి ఒక జానెడు లేపి ఆపి, బ్రేక్ పట్టుకుందా, బ్లాక్ సమంగా ఉందా, తాళ్ళు ఒకదానితో ఒకటి మెలి పడ్డాయా అని చూసి అప్పుడు పైకి.

బ్లాక్ తిరిగిపోయి తాళ్ళు మెలి పడితే లేపడం ఆపెయ్యండి, చేత్తోనో కర్రతోనో బ్లాక్‌ని తిప్పి నెట్టుకుంటూ పని నడిపించొద్దు. కారణాలు ఎక్కువగా ఇవే: రీల్ నుంచి తీసేటప్పుడు పురి మారిపోవడం, బాగా ఎత్తుకి తప్పు రకం తాడు వాడటం, ఫాల్స్ మరీ దగ్గర దగ్గరగా వెయ్యడం. డెడ్ ఎండ్‌కి స్వివెల్ (తనంతట తాను తిరిగే లంకె) పెట్టేస్తే పోతుంది అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, 35×7 రకం తాడుకి, అదీ తాడు కంపెనీ ఒప్పుకుంటేనే, ఆరు పేటల తాడుకి స్వివెల్ పెడితే పురి విప్పుకుపోయి బలం పడిపోతుంది.

తాడు ఎప్పుడు తీసెయ్యాలి

రోజూ పని మొదలుపెట్టే ముందు కంటితో చూడటం వేరు, కాంపిటెంట్ పర్సన్ వచ్చి పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇవ్వడం వేరు. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లో సెక్షన్ 29 కింద లిఫ్టింగ్ మెషీన్లు, తాళ్ళు ఏడాదికి కనీసం ఒకసారి పూర్తి పరీక్ష కావాలని పెట్టారు, కానీ ఏడాది మధ్యలో తాడు ఒక్క పూటలో కూడా పాడవ్వొచ్చు, సర్టిఫికెట్ తేదీ చూసి నమ్మకండి. తీసెయ్యాల్సిన గుర్తులు మాన్యువల్, ఐఎస్ఓ 4309 పట్టికల్లో తాడు రకాన్ని బట్టి ఉంటాయి. అమెరికా వాళ్ళ మొబైల్ క్రేన్ రూల్ గుర్తుపెట్టుకోవడం తేలిక: పరుగెత్తే మామూలు తాడులో ఒక లే పొడవులో, అంటే ఒక పేట తాడు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చే దూరంలో, చెదురుమదురుగా 6 తీగలు తెగినా లేదా ఒకే పేటలో 3 తెగినా తాడు తీసెయ్యాలి. నాన్ రొటేటింగ్ తాడుకి మందానికి 6 రెట్ల పొడవులో 2, 30 రెట్ల పొడవులో 4 తెగితే చాలు. అసలు మందంలో 5 శాతానికి మించి తగ్గినా తీసెయ్యాలి, 20 మి.మీ. తాడు 19 మి.మీ. కంటే తగ్గిందంటే దాని పని అయిపోయింది. తెగిన తీగ పేట వీపు మీద కాకుండా రెండు పేటల మధ్య లోయలో కనిపిస్తే ఒక్కటైనా తేలిగ్గా తీసుకోవద్దు, లోపల కూడా తెగుతున్నాయని అర్థం. మెలిక, పంజరంలా ఉబ్బడం, కోర్ బయటికి రావడం, వెల్డింగ్ ఆర్క్ తగిలి నల్లబడటం, ఇవి కనిపిస్తే లెక్కలు అక్కర్లేదు.

చివరగా మా సైట్‌లో ఆ రాత్రి తర్వాత మొదలుపెట్టిన అలవాటు ఒకటి. షిఫ్ట్ మొదట్లో ఆపరేటరూ రిగ్గరూ ఇద్దరూ కిందకి వచ్చి బ్లాక్ దగ్గర వేరు వేరుగా ఫాల్స్ లెక్కపెడతారు, ఇద్దరి నంబరూ కలిస్తే క్యాబిన్ అద్దం మీద మూలకి తెల్ల మార్కర్‌తో ఇవాళ్టి తేదీ, ఫాల్స్ నంబర్, ఆ ఫాల్స్‌కి ఎత్తగలిగే గరిష్ట బరువు రాస్తారు. ఫాల్స్ మార్చినప్పుడు మార్చిన మనిషే అది తుడవాలి, కొత్త నంబర్ మాత్రం మళ్ళీ ఇద్దరూ లెక్కపెట్టాకే రాయాలి, అద్దం మీద ఏమీ రాసి లేకపోతే హుక్‌కి స్లింగ్ తగిలించరు.